గోదాములు కడితే వడ్ల కాంటా ఆగకుండా ఉంటుందా?

ఓ రైతు అడిగిన సంగతి క్లుప్తంగా ఇది: ఐకేపీ సెంటర్‌లో (మహిళా సంఘాలు నడిపే వడ్ల కొనుగోలు కేంద్రంలో) వడ్లు పోసి మూడు వారాలైనా కాంటా (తూకం) కావడం లేదు. సెంటర్ వాళ్లు మిల్లులో జాగా లేదంటున్నారు, మిల్లరు ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) గోదాంలో జాగా లేదంటున్నాడు. పేపర్లో చూస్తే దేశంలో బియ్యం నిల్వలు రికార్డు స్థాయిలో ఉన్నాయని వార్త. మద్దతు ధర ప్రకటించే ప్రభుత్వం సరిపడా గోదాములు కట్టుకుంటే ఈ బాధ తీరదా?

తీరదు. కొంత తగ్గుతుంది, అంతే. "జాగా లేదు" అన్న మాట చాలాసార్లు నిజమే. కాకపోతే జాగా లేకపోవడం చివరికి కనబడే లక్షణం. అసలు జబ్బు వడ్లు బియ్యంగా మారే చోట, ఆ బియ్యం రాష్ట్రం దాటే చోట ఉంది.

ముందు లెక్క చూద్దాం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ వికేంద్రీకృత సేకరణ పద్ధతిలో ఉన్నాయి. కేంద్రం ఈ పద్ధతిని 1997-98లో తెచ్చింది. రాష్ట్ర పౌర సరఫరాల సంస్థే అప్పు తెచ్చి వడ్లు కొంటుంది, మిల్లులకు ఇచ్చి మర పట్టిస్తుంది, రేషన్‌కు కావలసినంత ఉంచుకుని మిగతాది ఎఫ్‌సీఐకి అప్పగిస్తుంది. మిల్లు నుంచి తిరిగి రావలసిన ఈ బియ్యాన్నే సీఎంఆర్ అంటాం. క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు ఇవ్వాలి. తెలంగాణలో 2020-21లో రెండు సీజన్లు కలిపి కొన్నది 140 లక్షల టన్నులు దాటింది. 67 శాతం చొప్పున 94 లక్షల టన్నుల బియ్యం. రాష్ట్రంలో రేషన్ అవసరం నెలకు 2 లక్షల టన్నులకు కాస్త అటూ ఇటూ, ఏడాదికి 24 లక్షలు అనుకోండి. హాస్టళ్లు, మధ్యాహ్న భోజనం అన్నీ కలిపినా పెద్దగా పెరగదు. మిగిలిన బియ్యమంతా రాష్ట్రం దాటాల్సిందే.

దాటాలంటే రేక్, అంటే ఒక పూర్తి గూడ్సు రైలు కావాలి. 42 వ్యాగన్ల రేక్‌లో సుమారు 2,600 టన్నులు పడతాయి. మిల్లర్లు ఎఫ్‌సీఐకి ఇచ్చే ఒక లాట్‌ను ఏసీకే అంటారు. 50 కిలోల సంచులు 580, అంటే 29 టన్నులు. ఒక రేక్ వెళ్తే దాదాపు 90 ఏసీకేలకు చోటు దొరుకుతుంది. వారంలో రావాల్సిన రేకుల్లో రెండు రాకపోతే 180 ఏసీకేలు గోదాం గేటు బయట లారీల మీద నిలబడతాయి. మిల్లరు బియ్యం దించలేడు, కాబట్టి మరాడించడం తగ్గిస్తాడు. వడ్ల లారీని దించుకోడు. సెంటర్‌కు లారీ రాదు. సెంటర్ వాళ్లు కాంటా ఆపుతారు. కాంటా అయిన సంచులకు వానొస్తే పూచీ వాళ్లదే కదా. అవతలి రాష్ట్రంలో గోదాం ఖాళీ కాకపోతే మీ కల్లంలో కుప్ప కదలదు. ఇందులో మీ సెంటర్ ఇన్‌చార్జి చేతిలో ఉన్నది చాలా తక్కువ. ఆయనతో గొడవపడి లాభం లేదు.

మిల్లు వేగం ఇంకో ఇరుకు. గంటకు 4 టన్నుల మిల్లు రోజుకు 17, 18 గంటలు ఆడితే 70 టన్నుల వడ్లు ఆడుతుంది. అలాంటి మిల్లుకు 10 వేల టన్నులు కేటాయిస్తే, కరెంటు పోకుండా, మర చెడకుండా, సొంత వ్యాపారం ఒక్క బస్తా కూడా ఆడకుండా చూసుకున్నా 143 రోజులు పడుతుంది. వానాకాలం వడ్లు నవంబరు, డిసెంబరులో వస్తాయి, యాసంగి వడ్లు ఏప్రిల్‌కల్లా మొదలవుతాయి. ఒక పంట ముగియకముందే ఇంకో పంట గేటు ముందుంటుంది. సీఎంఆర్ గడువును పదే పదే పొడిగించడానికి ఒక కారణం ఇది. రెండో కారణం అందరికీ తెలిసిందే: ప్రభుత్వ వడ్లను అమ్ముకుని, ధర తగ్గినప్పుడు బయట కొనో, రేషన్ బియ్యం తిరగేసో లెక్క సరిపెట్టే మిల్లర్లకు ఆలస్యమే పెట్టుబడి. అందుకే తెలంగాణలో 2024-25 వానాకాలం నుంచి బ్యాంకు గ్యారంటీ ఇచ్చిన మిల్లుకే వడ్లు అన్న షరతు పెట్టారు. షరతు సరైనదే. దాని వల్ల మొదట్లో చాలా మిల్లులు వెనకాడాయి, కొన్నిచోట్ల సెంటర్లకు మిల్లు కేటాయింపు ఆలస్యమైంది. అలాంటి సంస్కరణను కోతల నడుమ కాకుండా ఆగస్టులోనే పూర్తిచేయాలి.

ఈ ఆలస్యానికి ఖరీదుంది. లక్ష టన్నుల ఏ గ్రేడు వడ్లు 2025-26 మద్దతు ధర 2,389 రూపాయలకు కొంటే 238.9 కోట్లు. వడ్డీ తొమ్మిది శాతం అనుకుంటే నెలకు 1.8 కోట్లు. కేంద్రం నుంచి డబ్బు వచ్చేది బియ్యం లెక్క తేలాకే. 2023 చివరికి తెలంగాణ పౌర సరఫరాల సంస్థ అప్పు 50 వేల కోట్లు దాటడంలో ఇలా మిల్లుల్లో కూర్చున్న వడ్ల వాటా పెద్దది. 2022-23 యాసంగి వడ్లు 35 లక్షల టన్నులను ఆడించకుండానే వేలానికి పెట్టాల్సి వచ్చింది కూడా అందుకే.

యాసంగి వడ్ల కథ వేరుగా చెప్పాలి, గోదాముల చర్చలో జనం మరిచిపోయేది ఇదే. ఏప్రిల్, మే ఎండల్లో గింజ పొలంలోనే అదాటుగా ఎండి లోపల సన్నటి పగుళ్లు పడుతుంది. బయటికి కనబడదు. పచ్చి బియ్యంగా ఆడిస్తే ఆ పగులు దగ్గర విరుగుతుంది. ఎఫ్‌సీఐ పచ్చి బియ్యంలో నూక 25 శాతం వరకే ఒప్పుకుంటుంది. యాసంగిలో ఎక్కువగా వేసే 1010 లాంటి దొడ్డు రకాల్లో నూక ఆ హద్దును సులువుగా దాటుతుంది. నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తే పిండిపదార్థం గట్టిపడి పగులు మూసుకుంటుంది, గింజ నిలుస్తుంది. ఉప్పుడు బియ్యానికి నూక హద్దు 16 శాతమే అయినా తేలిగ్గా అందుకోవచ్చు. తెలంగాణ మిల్లులు ఉప్పుడు యంత్రాలకు మళ్లింది ఇందుకే, తినే అలవాటు కోసం కాదు. ఇక్కడ ఎవరూ ఆ బియ్యం తినరు. తినే కేరళ, తమిళనాడు, ఒడిశా వైపు రాష్ట్రాలు సొంతంగా సేకరించడం పెంచుకున్నాక మన ఉప్పుడు బియ్యానికి గిరాకీ పడిపోయింది. ఇకపై ఉప్పుడు బియ్యం ఇవ్వబోమని 2021లో రాష్ట్రం రాసిచ్చింది, 2022 ఏప్రిల్‌లో ఢిల్లీలో అప్పటి ముఖ్యమంత్రి ధర్నా దాకా వెళ్లింది. రాజకీయం పక్కన పెడితే విషయం ఇదీ: గోదాంలో జాగా ఉన్నా, తినేవాడు లేని బియ్యానికి జాగా లేనట్టే.

ఇక జాతీయ లెక్క. బఫర్ (కనీసం ఉంచుకోవాల్సిన నిల్వ) నిబంధనల ప్రకారం జులై 1 నాటికి కేంద్ర నిల్వలో బియ్యం 135.4 లక్షల టన్నులు, గోధుమలు 275.8 లక్షల టన్నులు ఉండాలి. వ్యూహాత్మక నిల్వగా పెట్టుకునే 20 లక్షల టన్నుల బియ్యం, 30 లక్షల టన్నుల గోధుమలు ఇందులో కలిసే ఉంటాయి. అక్టోబరు 1కి బియ్యం 102.5 లక్షలు చాలు. 2025 జూన్‌లో మిల్లుల్లోని వడ్లను బియ్యంగా లెక్కగట్టి కలిపితే నిల్వ 590 లక్షల టన్నులు దాటింది. అవసరానికి నాలుగింతలు. 2023-24లో సేకరించిన బియ్యమే 525 లక్షల టన్నులు. రేషన్‌కు పోయేది అంతకంటే బాగా తక్కువ. ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి ఇది పూర్తిగా ఉచితం. ఈ అవసరం ఏడాదికేడాది పెద్దగా మారదు. మద్దతు ధరకు వచ్చే వడ్లు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. కొళాయి వదిలేసి తొట్టి పెద్దది చేయమంటే ఎలా? కిలో బియ్యం సేకరించి, మోసి, దాచేసరికి ఎఫ్‌సీఐకి 40 రూపాయల పరిసరాల్లో పడుతుంటే, ఇథనాల్ కంపెనీలకు 22.50కి ఇచ్చిన ధర కూడా ఉంది. 2023 జులైలో తెల్ల బియ్యం ఎగుమతి ఆపి 2024 సెప్టెంబరు దాకా తలుపు తెరవకపోవడం ఈ రద్దీని పెంచింది. ఆ నిషేధం అవసరానికి మించి సాగిందన్నది నా అభిప్రాయం. ఎల్‌నినోతో వానలు తగ్గుతాయన్న భయంతో పెట్టడం అర్థం చేసుకోవచ్చు, వానాకాలం పంట చేతికొచ్చాక సడలించాల్సింది. తర్వాత 2025 మార్చి 31న కాకినాడ రేవు నుంచి ఫిలిప్పీన్స్‌కు మన 1010 బియ్యం 12,500 టన్నులు ఓడెక్కాయి. దొడ్డు బియ్యానికి బయట గిరాకీ లేదనేవాళ్లు దీన్ని చూడాలి.

గోదాముల సామర్థ్యం గురించి పేపర్లో వచ్చే అంకెల్లోనూ ఒక చిక్కుంది. పంజాబ్, హర్యానా వైపు సిమెంటు దిమ్మెల మీద సంచులను వరసలుగా పేర్చి (నెట్టు కట్టి) పాలిథీన్ కప్పే క్యాప్ నిల్వను కూడా కొన్నిసార్లు కలిపి చెబుతారు. గోధుమలు, వడ్లు అలా పెట్టొచ్చు, బియ్యం పెట్టకూడదు. పొట్టు పోయిన గింజ తేమను పీలుస్తుంది, దానికి పైకప్పున్న గోదామే కావాలి. పెద్ద సైలోలూ (గింజను సంచులు లేకుండా నింపే పొడవాటి గాదెలు) మన దేశంలో ప్రధానంగా గోధుమలకే కట్టారు. మోగా, కైతాల్ సైలోలు ఉదాహరణ. కాబట్టి దేశంలో ఇన్ని కోట్ల టన్నుల జాగా ఉంది అన్నమాట మీ జిల్లా బియ్యానికి వర్తించకపోవచ్చు.

జాగా ఉన్నచోట కూడా మొత్తం వాడుకోలేరు. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పున కట్టే నెట్టులో 50 కిలోల సంచులు సుమారు 3 వేలు, దాదాపు 150 టన్నులు. అడుగున చెక్క క్రేట్లు, నెట్టుకూ గోడకూ నెట్టుకూ నెట్టుకూ మధ్య మనిషి తిరిగే దారి. దారి మింగేసి సంచులు వేస్తే మందు కొట్టడానికి వీలుండదు, పురుగు మూలల్లో నిలబడుతుంది. గోడలకు, నెట్టు పైన మలాథియాన్ ఒకటికి వంద పాళ్ల నీళ్లతో కలిపి వంద చదరపు మీటర్లకు 3 లీటర్లు, పదిహేను రోజులకోసారి కొట్టాలి. ముక్కు పురుగో, పెంకు పురుగో కనబడ్డాక పిచికారీతో పని కాదు, గింజ లోపలి గుడ్డు చావదు. అల్యూమినియం ఫాస్ఫైడ్ పొగ పెట్టాలి: టన్నుకు 3 గ్రాముల బిళ్లలు మూడు, 150 టన్నుల నెట్టుకు 450 బిళ్లలు. మీద చిల్లులేని కవరు, అంచుల వెంట ఇసుక గొట్టాలు, కనీసం ఏడు రోజులు. చాలాచోట్ల తప్పు ఇక్కడే జరుగుతుంది. చిరిగిన కవరు వాడతారు, లారీ వచ్చిందని నాలుగో రోజే తీసేస్తారు. వాయువు చాలక బతికిన పురుగే మందుకు అలవాటు పడి తర్వాతి నెట్టుకు ఎక్కుతుంది. పొగ పెట్టిన ఆ వారం ఆ నెట్టు లెక్కలో ఉంటుంది, ఇవ్వడానికి ఉండదు. ఈ బిళ్లలు ఇంట్లో, నిద్రపోయే గదిలో ఎన్నడూ వాడొద్దు, ప్రాణం పోతుంది. శిక్షణ ఉన్నవాళ్ల పని అది.

గోదాం గేటు దగ్గర లాట్ తిరస్కరించడం ఇంకో అడ్డం. తేమ 14 శాతం వరకు సరే, 15 దాకా ధరలో కోతతో తీసుకుంటారు. పచ్చి బియ్యంలో పాడైన గింజ 3, రంగు మారినది 3 శాతం దాటకూడదు. పాత బియ్యం తిరగేశారేమో చూడటానికి రంగు పరీక్ష ఉంది: మిథైల్ రెడ్, బ్రోమోథైమాల్ బ్లూ కలిపిన ద్రావణాన్ని పరీక్ష నాళికలో బియ్యం మీద పోసి ఊపితే కొత్త బియ్యానికి పచ్చగా నిలుస్తుంది. బియ్యం పాతబడేకొద్దీ ఆమ్లం పెరిగి రంగు పసుపుకూ నారింజకూ తిరుగుతుంది. రేషన్ బియ్యం సానపట్టి తెచ్చేవాళ్లకు దీన్ని దాటడం కష్టం. కానీ నిజాయితీగా ఆడించిన మిల్లు కూడా వడ్లు ఏడాదిపాటు ఆరుబయట టార్పాలిన్ కింద ఉంటే రంగు హద్దులో తప్పుతుంది. కొనేటప్పుడు వడ్లకు తేమ 17 శాతం దాకా ఒప్పుకున్నాం, 17 శాతం తేమతో కుప్పపోసిన వడ్లు వానాకాలంలో లోపల వేడెక్కి గింజ పసుపెక్కుతుంది. నెలల తరబడి ఉంచాలంటే 14కు దించాలి. మన సేకరణ వ్యవస్థలో ఆ మూడు శాతం ఎండబెట్టే పని ఎవరిదో స్పష్టంగా లేదు. 2023 మే 31న కేంద్రం ఆమోదించిన 700 లక్షల టన్నుల సహకార గోదాముల పథకంలో రాజన్న సిరిసిల్ల జిల్లా గంభీరావుపేట సహకార సంఘం 500 టన్నుల గోదాం తొలి విడత నమూనాల్లో ఒకటి. మంచిదే, కానీ నన్నడిగితే మండలానికో డ్రయ్యరు ముందు, గోదాం తర్వాత. తడి వడ్లు పెట్టిన గోదాం ఆరుబయటికంటే ఘోరం.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న పని. తేమ లెక్క మీరే వేసుకోండి. హార్వెస్టర్ కోసిన వడ్లు 24 శాతం తేమతో ఉంటే క్వింటాలు 17 శాతానికి ఎండేసరికి 91.6 కిలోలవుతుంది. 100లోంచి 24 తీస్తే 76, దాన్ని 83తో భాగించండి. ఎనిమిది కిలోలు పోయాయని సెంటర్‌ను అనుమానించక్కర్లేదు, అది నీరు. అలాగే 17 ఉన్న వడ్లకు మళ్లీ తేమ పేరుతో తరుగు తీస్తే ఒప్పుకోనక్కర్లేదు. రెండు మూడు అంగుళాల మందాన పరిచి, గంటకోసారి కాళ్లతో తిరగేయండి, సాయంత్రం కుప్పచేసి కప్పండి. తారు రోడ్డు మీద మిట్టమధ్యాహ్నం ఒక్కరోజులో ఎండగొడితే తేమ తగ్గుతుంది, గింజ పగులుతుంది, మట్టిబెడ్డలు కలుస్తాయి. మాయిశ్చర్ మీటర్‌కు వేడి గింజ పెట్టకండి, నీడలో చల్లారాక పెట్టండి. కుప్ప పైపొర కాకుండా నడుమ, అడుగున, నాలుగు వైపులా తీసి కలిపి మూడుసార్లు చూడమనండి.

నాణ్యత హద్దులు గుర్తుంచుకోండి: మట్టి, రాళ్లు 1 శాతం, గడ్డి, తాలు లాంటివి 1 శాతం, పాడైన, మొలకెత్తిన, రంగు మారిన గింజ 5, పాలుపోసుకోని, ముడుచుకున్న గింజ 3, వేరే రకం కలిసినది 6. తాలు ఎక్కువైతే ప్యాడీ క్లీనర్ (తాలు ఎగరగొట్టే యంత్రం) అడగండి. హార్వెస్టర్ డ్రైవర్‌కు గాలి పూర్తిగా పెట్టి నెమ్మదిగా కోయమని ముందే చెబితే సగం తాలు పొలంలోనే పోతుంది.

సంచికి 40 కిలోలు, సంచి బరువు కింద దాదాపు 600 గ్రాములు. అంతకుమించి తీసేది తరుగు పేరు చెప్పి తీసే దోపిడీ. వంద క్వింటాళ్లకు 250 సంచులు, సంచికి 2 కిలోలు పోతే 5 క్వింటాళ్లు, 2,389 చొప్పున 11,945 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 75 కిలోల బస్తా లెక్కలో మాట్లాడతారు కానీ లెక్క ఇదే.

అన్నిటికంటే పెద్ద చిక్కు కాంటా తర్వాత వస్తుంది. లారీ మిల్లుకు పోయాక "వడ్లు బాగోలేవు, పది సంచులు తగ్గించుకోండి" అని ఫోన్ వస్తుంది. ఒప్పుకోకపోతే లారీ దించం అంటారు. దీనికి మందు ముందే కట్టుకోవాలి. లోడ్ కాకముందే సెంటర్‌లో తేమ శాతం, సంచుల సంఖ్య, నికర బరువు రాసిన రసీదు తీసుకోండి. లారీతో పాటు మిల్లుకు పోయే ట్రక్ షీటులో అవే అంకెలు ఉన్నాయో చూసి ఫోటో తీసుకోండి. ఆన్‌లైన్‌లో ఎక్కించిన బరువు రసీదుతో సరిపోయాకే డబ్బు ఖాతాలో పడే ప్రక్రియ మొదలవుతుంది. కాబట్టి షీటు ఎప్పుడు ఎక్కించారని రోజూ అడగండి. తేడా వస్తే పౌర సరఫరాల ఫిర్యాదుల నంబరు 1967కు ఫోన్ చేసి ట్రక్ షీటు నంబరు చెప్పండి. నంబరు లేని ఫిర్యాదు ముందుకు కదలదు.

సన్న వడ్లు వేసినవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. తెలంగాణలో 500 రూపాయల బోనస్‌కు రకం పేరు చాలదు. గింజ పొట్టు తీసి కాలిపర్‌తో కొలిస్తే పొడవు 6 మిల్లీమీటర్ల లోపు, వెడల్పు 2 లోపు, పొడవును వెడల్పుతో భాగిస్తే 2.5 కంటే ఎక్కువ రావాలి. దొడ్డు వడ్లు పోసిన కుప్ప పక్కనే మీ సన్నాలు పోస్తే అంచుల్లో కలిసి కొలతలో తప్పుతాయి. కుప్పల మధ్య నాలుగడుగులైనా వదలండి, సంచులకు వేరే రంగు దారంతో కుట్టించుకోండి, ట్రక్ షీటులో సన్న రకం అని రాశారో లేదో లారీ కదలకముందే చదివి చూసుకోండి.